వేరుకు తోడున్న బూజు

కోత పండుగ ఆదివారం మా మందిరంలో బల్ల ముందు చేరిన అర్పణలను చూచి ఆ సంవత్సరం వాన ఎట్లున్నదో చెప్పవచ్చును. వాన బాగున్న ఏడు వేరుశనగ మూటలు, సజ్జ కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వస్తాయి. వాన మొగం చాటేసిన ఏడు కవర్లు వస్తాయి. బెంగుళూరుకు కూలికి పోయిన బిడ్డలు పంపిన డబ్బులో నుండి తీసి పెట్టినవి అవి. మొన్నటి కోత పండుగకు ఒక రైతు కుటుంబంవారు మూటతోపాటు రెండు చిన్న కట్టలు కూడా తెచ్చి పెట్టారు. రెండూ వేళ్ళతో సహా పెరికిన వేరుశనగ చెట్లే. ఒకే చేనిలోనివే.

ఆరాధన అయిన తరువాత ఆ కట్టలు చేతికి తీసుకొని చూశాను. మొదటి కట్ట వేళ్ళకు ఎర్రమట్టి రవ్వలు రవ్వలుగా అంటుకొని ఉంది. దులిపినా తొందరగా రాలలేదు. కాయలు గుత్తులుగా ఉన్నాయి. రెండవ కట్ట వేళ్ళు నీళ్ళలో జాడించిన నూలుపోగులవలె ఒట్టివిగా ఉన్నాయి. కాయలు అక్కడొకటి, ఇక్కడొకటి. తెచ్చిన సహోదరి దగ్గరకు వచ్చి చెప్పింది: "అయ్యగారూ, ఇది ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లిన పక్క. అది ఎప్పటి మాదిరి దున్ని పెట్టుకొన్న పక్క. బుడ్డలు రెండు పక్కలా ఒకే రోజు ఇత్తినాము."

రెండు చెట్లు చూచి ఒక సంగతి రుజువైందనుకోకూడదు. వారి చేను నాకు తెలుసు. నవధాన్యాలు చల్లిన పక్క కొంచెం పల్లం. అక్కడ పదును రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. అయినా ఆ వేళ్ళు నా మనస్సులో ఉండిపోయాయి. ఇంతలో మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి మెల్లగా అడిగారు. "అయ్యగారూ, చేనిలో రెండు విధాల విత్తనాలు కలిపి చల్లకూడదని ధర్మశాస్త్రంలో ఉంది గదా. పైగా నవధాన్యాలంటే ఏ పూజకు వాడతారో తెలియనిదా? బల్ల ముందర పెట్టనిస్తిరే." ఆయన దురుసుగా అనలేదు. నిజంగానే బాధపడి అడిగారు. ఆ రోజు నా దగ్గర రెండు ప్రశ్నలకూ జవాబు లేదు: వేరు ఎందుకట్లున్నదో తెలియదు, ధర్మశాస్త్రం మాట మా చేలకు ఎట్లు వర్తిస్తుందో ఎన్నడూ కూర్చుని ఆలోచించలేదు. తరువాత కొన్ని నెలలు అడిగి, చదివి, చూచి తెలిసికొన్నది ప్రియ పాఠకులతో పంచుకొంటున్నాను.

పుట్టపర్తి అనగానే బయటి ఊళ్ళవారికి వేరే సంగతి గుర్తుకు వస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో సేద్యం చేసికొని బ్రతికే మాకు పుట్టపర్తి అంటే ఎక్కువ ఏండ్లు ఇసుకే కనబడే చిత్రావతి, నిండితే పండుగగా చెప్పుకొనే బుక్కపట్నం చెరువు, గరుసు కలిసిన ఎర్రనేల. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసి పుట్టపర్తిని శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రంగా చేశారు గాని వాన మాత్రం పాత అనంతపురం వానే: సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా ఒకేసారి కురిసి, తరువాత నెల నెలన్నర మొగం చూపని వాన. ఈ నేలలో ఒక కాలాన పాత జిల్లా అంతటా కలిపి 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేశారు. ఇప్పుడు అంత లేదు. ఎందుకు తగ్గిందో ఈ పత్రిక చదివే రైతు కుటుంబాలకు నేను చెప్పనక్కరలేదు.

ఈ ఎర్రనేలలో ఒక చిక్కున్నది. మొక్కకు కావలసిన ఆహారాలలో నత్రజని నీళ్ళతోపాటు పారుతుంది. వేరు నీళ్ళు తాగితే అదీ వస్తుంది. భాస్వరం అట్లు కాదు. మట్టికి ఎరుపు రంగునిచ్చే ఇనుమే భాస్వరాన్ని గట్టిగా పట్టుకొంటుంది. ఎక్కడ పడిన భాస్వరం అక్కడే కూర్చుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగికొన్న తరువాత, అంతకు అవతల నేల నిండా భాస్వరమున్నా దానికి అందదు. గాదెలో గింజలుండి పొయ్యి దగ్గరకు రాకపోతే ఇంట్లో పస్తే గదా. డి.ఏ.పి. చల్లినా మొదటి పంటకు అందేది సాధారణంగా అందులో ఐదో వంతు అటూ ఇటూ. మిగిలింది మట్టిలో బిగుసుకుపోతుంది. 2022 నుండి 50 కిలోల బస్తా 1350 రూపాయలు. అప్పు తెచ్చి కొన్న బస్తాలో ఎక్కువ భాగం మన చేనిలోనే, మనకు అందకుండా పడి ఉన్నది.

వేరుశనగ సంగతి ఇంకా కష్టం. జొన్న, సజ్జ వంటి పైర్ల వేళ్ళకు సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుతో అవి మట్టిని ఇంకొంచెం దూరం తడుముకొంటాయి. వేరుశనగ వేరుకు ఆ నూగు బహు తక్కువ. పిల్లవేరు పుట్టే కణుపుల దగ్గర మాత్రమే కాస్త కనబడుతుంది. మన నేలకు ఇంత పేరు తెచ్చిన పైరు భాస్వరం వెదకుకొనే పనిలో ఇంత బలహీనమైనది! మరి ఇన్ని ఏండ్లు ఎట్లు పండింది?

దానికి తోడు ఉన్నది. ఆ తోడు ఒక బూజు.

బూజు మాట వినగానే రైతుకు ముఖం ముడుచుకొంటుంది. తిక్క ఆకుమచ్చ బూజువల్లనే, కాండం కుళ్ళు బూజువల్లనే, నిలువ చేసిన కాయ పచ్చబారి చేదెక్కేది బూజువల్లనే. అందరినీ ఒక గాటన కట్టవద్దు. నేలలో మరొక రకం శిలీంధ్రాలు ఉన్నాయి. వ్యవసాయ శాఖవారు వీటిని 'వామ్' అంటారు. శాస్త్రజ్ఞులు ఈ చెలిమికి మైకోరైజా అని పేరు పెట్టారు. వీటి గింజలవంటి బీజాలు మట్టిలో పడి ఉంటాయి. మొలచిన బూజుపోగు దగ్గరలో వేరు దొరికితే దానిని తాకి, లోపలికి పోయి, వేరు కణాలలో చిట్టి చెట్లవలె కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. ఇచ్చిపుచ్చుకొనే సంత అక్కడే. ఆ చిట్టి చెట్టు కొద్ది దినాలే ఉంటుంది. వాడిపోగానే మరొక కణంలో మరొకటి లేస్తుంది. అదే బూజు వేరు బయటికి సన్నని పోగులు పంపుతుంది. అవి తల వెంట్రుకలో పదో వంతు లావు కూడా ఉండవు. వేరు దూరలేని మట్టి సందులలో దూరి, కొన్ని సెంటీమీటర్ల అవతల నుండి భాస్వరం తెచ్చి వేరుకు అప్పగిస్తాయి. జింకు, రాగి కూడా తెస్తాయి. మట్టి రవ్వలను ఆ పోగులే కలిపి పట్టుకొంటాయి. మొదటి కట్ట వేళ్ళకు మట్టి అంటుకొని ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చును.

వేరుశనగ వేరు మీద బుడిపెలుంటాయని, అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని మన రైతులకు తెలుసు. గోటితో చీల్చితే లోపల గులాబి రంగు కనబడితే అవి పని చేస్తున్నట్లు. ఆ పనికి భాస్వరం చాలా కావాలి. భాస్వరం తేవడానికి బూజు కావాలి. ఒకే వేరులో ఇద్దరు అతిథులు. ఒకరి పని మీద ఇంకొకరి పని ఆధారపడి ఉంటుంది. ఇద్దరినీ లోపలికి రానిచ్చే వాకిలి కూడా చాలావరకు ఒకటేనని, ఆ వాకిలి తెరిచే జన్యువులు చెడిన మొక్కలు ఇద్దరినీ రానివ్వలేవని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

బుడిపెలు కంటికి కనబడతాయి గాని ఈ బూజు కనబడదు. అదే నాకు ఇబ్బందైంది. కనబడని దానిని గూర్చి ప్రసంగించడం నాకు అలవాటే గాని, చేనిలో ఉన్నదని చెప్పేటప్పుడు చూడకుండా చెప్పడం మంచిది కాదు. మా సంఘంలోని ఒక అమ్మాయి వ్యవసాయ కళాశాలలో చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఆ వేళ్ళు చూపించాను. తన వెంట కొన్ని తీసికొనిపోయి, తరువాత నన్ను పిలిచింది. వేరు ముక్కలను క్షారంలో ఉడికించి, లోపలి రంగు పోయిన తరువాత నీలి రంగులో వేస్తారట. సూక్ష్మదర్శినిలో చూశాను. పలుచని వేరు లోపల నీలి దారాలు, దారాల చివర గుండ్రని సంచులు, కణాలలో పొదలవంటి నీలి మచ్చలు. "అయ్యగారూ, కన్ను అదరకుండా చూడండి, అదే చిట్టి చెట్టు" అన్నది. రెండవ కట్ట వేళ్ళలో కూడా నీలి దారాలున్నాయి. లేవని అనుకొని పోయినవాడిని, అందుకే ఇది రాస్తున్నాను. తక్కువగా ఉన్నాయి, అంతే. నాలుగు వేరు ముక్కలు చూచి లెక్క చెప్పకూడదని ఆ అమ్మాయే నన్ను హెచ్చరించింది.

మైకోరైజా అనే పేరు 1885లో పుట్టింది. నేలలో పెరిగే ఖరీదైన ఒక రకం పుట్టగొడుగులను సాగు చేయవచ్చునేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం ఆల్బర్ట్ ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞునికి పని అప్పగించింది. సాగు ఆయనకు సాధ్యం కాలేదు గాని, అడవి చెట్ల వేళ్ళకు బూజు తొడుగువలె ఉండడం, చెట్టు దానివల్ల చెడకపోగా బాగుండడం చూచాడు. గ్రీకులో 'మైకేస్' అంటే శిలీంధ్రం, 'రిజా' అంటే వేరు. ఈ రెండవ మాట నాకు పాత స్నేహితునివలె కనబడింది. విత్తువాని ఉపమానంలో రాతినేలను పడిన మొలకకు లేనిది ఈ రిజాయే. రోమా పత్రిక 11వ అధ్యాయంలో ఒలీవ చెట్టును మోసేదీ ఈ రిజాయే. వేదాంత తరగతిలో గ్రీకు పాఠాలతో కుస్తీ పట్టిన దినాలలో ఆ మాట బుడ్డల చేనిలో ఎదురవుతుందని ఎవరనుకొన్నారు!

ఫ్రాంక్ చూచినది అడవి చెట్ల రకం. మన పైర్లలో ఉండే రకం వేరు లోపలే దాగి ఉంటుంది గనుక పట్టుబడడానికి మరికొంత కాలం పట్టింది. 1953లో ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన స్థానంలో బార్బరా మోస్ అనే ఆమె స్ట్రాబెర్రీ మొక్కల వేళ్ళలోని బూజుకు, మట్టిలోని బీజాలకు సంబంధమేమిటో చూపింది. మనకు పొరుగున బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య డి.జె. భాగ్యరాజ్ గారు కొన్ని దశాబ్దాలపాటు ఈ శిలీంధ్రాల మీదనే పని చేశారు. లోకంలోని మొక్క జాతులలో మూడింట రెండు వంతులకు పైగా ఈ రకం తోడు ఉన్నవే. 40 కోట్ల సంవత్సరాల నాటివని చెప్పే శిలలలో కూడా, స్కాట్లండులో, మొక్క కాండాలలో ఇవే చిట్టి చెట్లు కనబడ్డాయి. ఆ సంవత్సరాల లెక్క మీద నాకు ఉత్తరాలు రాసే పాఠకులు ఉంటారని తెలుసు. రాయండి, చదువుతాను, బూజు సంగతి మాత్రం ఆ లెక్కతో మారదు.

ఈ తోడు ఊరకే రాదు. బూజుకు ఆకు లేదు, ఎండను పట్టి వండుకోలేదు. మొక్క తాను వండుకొన్న దానిలో నూటికి 4 మొదలు 20 వంతుల వరకు బూజుకు ఇస్తుంది. చక్కెర ఇస్తుందని మొదటి నుండి తెలుసు. 2017లో మరొక సంగతి బయటపడింది: ఈ బూజు తనకు కావలసిన కొవ్వును తాను తయారు చేసికోలేదు, అది కూడా మొక్కే ఇవ్వాలి. నూనె గింజల సీమలో బ్రతికే మనకు ఇది ఎంత చక్కగా అర్థమవుతుంది! కాయలో నూనె నింపవలసిన మొక్క తన వేరులోని కూలివానికి ముందుగా నూనె పోస్తున్నది. కూలి ఎగ్గొట్టే వ్యవహారం ఇద్దరి మధ్యా లేదు. 2011లో ప్రచురించిన పరీక్షలలో, ఎక్కువ భాస్వరం తెచ్చిన బూజుకు వేరు ఎక్కువ చక్కెర ఇచ్చిందని, ఎక్కువ చక్కెర ఇచ్చిన వేరుకు బూజు ఎక్కువ భాస్వరం ఇచ్చిందని తేలింది.

వేరు ఎక్కడున్నదో బూజుకు ఎట్లు తెలుస్తుంది? వేరే పిలుస్తుంది. ఆకలిగొన్న వేరు మట్టిలోకి ఒక పదార్థాన్ని బహు స్వల్పంగా వదులుతుంది. దాని వాసన తగిలిన బూజుపోగు చురుకై కొమ్మలు వేస్తుంది. 2005లో జపాను శాస్త్రజ్ఞులు ఈ పదార్థమేమిటో పట్టుకొన్నారు. చూడగా అది పాత నేరస్థుడే. జొన్న చేలలో మల్లె అనే కలుపు ఉంటుంది గదా, జొన్న వేరుకు పట్టుకొని రక్తం పీల్చినట్లు పీల్చేది. ఆ జాతి కలుపు గింజలను నిద్ర లేపే పదార్థంగా ఇటువంటిదానిని 1966లోనే పత్తి వేళ్ళ నుండి తీసి ఉన్నారు. ఇన్నాళ్ళు అందరూ అడిగింది ఒకటే: తనను తినే శత్రువును లేపే మాట మొక్క ఎందుకు పలుకుతుంది? అది శత్రువును పిలిచే మాట కాదు. స్నేహితుణ్ణి పిలిచే మాటను దారిన పోయే దొంగ వింటున్నాడు. ఈ ఒక్క సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మన చేల మాట. భాస్వరం మెండుగా దొరికితే వేరు పిలుపు తగ్గిస్తుంది. ఏటేటా పరీక్ష లేకుండా డి.ఏ.పి. పోస్తూ ఉంటే మొక్క బూజును దూరం పెడుతుంది. మాటిమాటికి దున్నితే పోగుల వల తెగిపోతుంది. వీటన్నిటికంటె మా ప్రాంతంలో పెద్ద దెబ్బ వేరొకటి ఉన్నదని నాకు తోస్తున్నది. వేరుశనగ అక్టోబరు, నవంబరు నెలలలో పెరుకుతాము. కట్టె పశువులకు పోతుంది. తరువాత చేను దున్ని వదలితే మళ్ళీ జూన్, జూలైలో వాన వచ్చి గొర్రు తోలేవరకు ఏడెనిమిది నెలలు ఎర్రని ఎండలో ఒట్టిగా పడి ఉంటుంది. బ్రతికి ఉన్న వేరు లేని చేనిలో ఈ బూజుకు తిండి లేదు. అది ఇతర బూజులవలె చచ్చిన ఆకులు తిని బ్రతికేది కాదు. బీజాలుగా ముడుచుకొని కాచుకొంటుంది, కొన్ని చస్తాయి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రైతులు దీనిని బాగా చవి చూశారు. తేమ నిలువ చేద్దామని వారు చేలను చాలా నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా, కలుపు కూడా లేకుండా ఒట్టిగా ఉంచారు. తేమ నిలిచింది. అయినా వేసిన పైరు గిడసబారింది. భాస్వరం, జింకు చాలని గుర్తులు కనబడ్డాయి. నేలలో ఈ బూజు తగ్గిపోవడమే కారణమని 1987లో థాంప్సన్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. వారివి నల్లనేలలు, మనవి ఎర్రవి. వారి గడువు మనకంటె పెద్దది. అందుచేత వారి లెక్క మనకు తెచ్చి అతికించకూడదు. కాని మనది ప్రతి ఏటా జరిగే ఎండ.

2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, 2018 నుండి అనంతపురం ప్రాంతంలో 'వానకు ముందే విత్తడం' అనే పద్ధతి వచ్చింది. కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, పెసర, ఉలవ, కంది, ఆముదం, అనుము ఇట్లు అనేక రకాల విత్తనాలను బంకమట్టి, బూడిద, పేడ పొరలతో గుళికలు చేసి ఎండాకాలంలోనే చల్లుతారు. పడిన ఒకటి రెండు జల్లులకు మొలచినవి మొలుస్తాయి. పశువులకు మేత అవుతుంది. మిగిలింది నేలమీద పరచి తరువాత అసలు పైరు విత్తుతారు. దీనివల్ల నేలలో బ్రతికి ఉన్న వేరు లేని కాలం తగ్గుతుంది. ఆ సహోదరి చెప్పిన నవధాన్యాలు ఇవే.

ఇందులో నష్టం లేదా? ఉన్నది. జల్లులు పడకపోతే విత్తనం పోతుంది. ఆ పైరు తాగిన తేమ తరువాత వేరుశనగకు లోటు కావచ్చును. మా పల్లెల్లో పెద్ద కష్టం గొర్రెలు: ఎండాకాలంలో కంచె లేని చేను అందరి చేనే. పచ్చగా కనబడితే మంద దిగక మానదు. మందలు తోలుకొనేవారిలో మా విశ్వాసులూ ఉన్నారు, చల్లినవారిలో మా విశ్వాసులూ ఉన్నారు గనుక కిందటి ఎండాకాలంలో ఒక తగవు నా ఇంటి అరుగు మీదికే వచ్చింది. ఊరంతా ఒకేసారి చల్లితే తప్ప ఒంటరిగా చల్లినవాడు నష్టపోతాడని ఆ రోజు అందరం ఒప్పుకొన్నాము.

సంఘ పెద్దగారి ప్రశ్నకు వస్తాను. లేవీయకాండము 19వ అధ్యాయంలోను, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోను ఆ ఆజ్ఞ ఉన్నమాట నిజం. అదే చోట ఉన్ని, నార కలిపి నేసిన బట్ట వేసికోవద్దనీ ఉన్నది. ఇశ్రాయేలీయులు చుట్టుపట్ల జనులనుండి ప్రత్యేకింపబడినవారని దినదినం జ్ఞాపకం చేసే గుర్తులవి. మనం టెరికాటన్ చొక్కా తొడుగుకొని గుడికి వస్తూ, విత్తనాల దగ్గర మాత్రం ఆ ఆజ్ఞను ఎత్తడం న్యాయం కాదు. యెషయా 28వ అధ్యాయం చివరి భాగం కూడా చదవండి. అక్కడ రైతు నిత్యమూ దున్నుతూనే ఉండడనీ, నేల చదును చేసి నల్లజీలకర్ర, జీలకర్ర, గోధుమ, యవలు వేటి చోట వాటిని విత్తుతాడనీ, ఆ తెలివి అతనికి దేవుడే నేర్పాడనీ ప్రవక్త చెప్తున్నాడు. మన తాతలు వేరుశనగ సాళ్ళ మధ్య కంది సాలు వేసినప్పుడు ఎవరూ పాపమనలేదు. ఆ కందికి ఒక వరం ఉన్నదని పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పని చేసిన జపాను శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించారు: దాని వేరు ఒక ఆమ్లం వదిలి, ఎర్రనేలలో ఇనుము పట్టుకొన్న భాస్వరాన్ని విడిపించగలదు.

నవధాన్యాల పేరు సంగతి. తొమ్మిదింటిని తొమ్మిది గ్రహాలకు జోడించడం ఒక ఆచారం. చేనిలో చల్లేవారు పదిహేను, ఇరవై రకాలు కూడా చల్లుతున్నారు. కొర్ర గింజ కొర్ర గింజే. దానిని పుట్టించినవాడు మన దేవుడే. పేరు ఇబ్బందైతే 'కలుపు విత్తనం' అనండి, 'మేత విత్తనం' అనండి. మా సంఘంలో ఇప్పుడు 'పలు విత్తనాలు' అంటున్నారు. ఏడవ ఏట భూమికి విశ్రాంతి ఇమ్మన్న ఆజ్ఞను కూడా మనవారు తప్పుగా పట్టుకొంటున్నారు. నిర్గమకాండము 23వ అధ్యాయం ప్రకారం ఆ ఏట తానై మొలచినది బీదలకు, వారు విడిచినది అడవి జంతువులకు. అంటే ఆ భూమి మీద పచ్చన ఉన్నది. అది మన మాటల్లో బీడు, దుక్కి కాదు. బీడులో గడ్డి వేళ్ళున్నాయి, గెనాల మీద వెంపలి ఉన్నది. బూజు అక్కడ బ్రతికే ఉంటుంది. గెనెం మీది గడ్డిని కూడా చెక్కి తగులబెట్టే అలవాటు మాత్రం మానుకోవలసినదే.

దుకాణాలలో ఈ బూజును పొడిగా చేసి పొట్లాలలో అమ్ముతున్నారు. నర్సరీ కుండీలకు, కొత్తగా నాటే చీనీ, దానిమ్మ మొక్కలకు మంచి సరుకు ఉపయోగపడుతుంది. కాని ప్రాణమున్న బీజాలు లేని పొట్లాలు కూడా బజారులో ఉన్నాయని వేరు వేరు దేశాలలో చేసిన పరీక్షలలో బయటపడింది. తేదీ చూడండి, ఎండలో పెట్టిన పెట్టెలో నుండి తీసి ఇస్తే తీసికోవద్దు. ఎకరాలకొద్దీ మెట్ట చేనికి కొనబోయే ముందు రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంవంటి చోట మట్టి పరీక్ష చేయించి అడగండి. భాస్వరం ఇప్పటికే నిండుగా ఉన్న చేనికి డి.ఏ.పి. బస్తా ఒకటి తగ్గినా ఇంటికి 1350 రూపాయలు మిగిలినట్లే.

తోటి సేవకులకు ఒక మాట. అడవిలో చెట్లన్నీ బూజు దారాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయని, తల్లి చెట్టు తన పిల్లలను పోషిస్తుందని ఇప్పుడు అనేక ప్రసంగాలలో వింటున్నాము. 1997లో కెనడాలో చేసిన ఒక పరీక్ష నుండి ఆ మాట పెరిగింది. అంత గట్టిగా చెప్పడానికి చాలినంత రుజువు లేదని 2023లో ఆ విద్యలోనివారే రాశారు. సంఘం మన మాట నమ్ముతుంది గనుక, అందంగా ఉన్నదని చెప్పేయకూడదు. నేనూ ఒకసారి చెప్పినవాడినే.

ఈ సంవత్సరం ఏప్రిల్‌లో ఆ సంఘ పెద్దగారే ఒక సంచి పట్టుకొని వచ్చారు. ఇంట్లో ఉన్న విత్తనాలన్నీ కొంచెం కొంచెం కలిపారు: కొర్ర, ఉలవ, అలసంద, జొన్న, ఆముదం, ధనియాలు. దోసిట్లోకి తీసి చూస్తే నడుమ నడుమ ఆవాలున్నాయి. ఆ కళాశాల అమ్మాయి అక్కడే ఉన్నది. ఆవ, క్యాబేజీ కుటుంబం మొక్కలు ఈ బూజును దగ్గరకు రానివ్వవని, తోటకూర కూడా అంతేనని చెప్పింది. పెద్దాయన చేతిలోని గింజలు చూచుకొని, నా వైపు తిరిగి, "అదేమి అయ్యగారూ, ప్రభువు మెచ్చుకొన్న గింజ గదా ఇది" అన్నారు. ముగ్గురం నవ్వుకొన్నాము. కొంచెమే గదా, ఉండనిమ్మని, తాలింపుకైనా వస్తుందని అమ్మాయి చెప్పగా, సంచి మూతి కట్టుకొని చేను వైపు వెళ్ళారు.